ఆరో వారంలో అడగాల్సిన ప్రశ్న

పుట్టిన బిడ్డ ఒళ్లు పచ్చబడితే మన ఇళ్లలో పెద్దగా కంగారు పడరు. పసిపిల్లలకు మామూలే, పొద్దుటెండలో కాసేపు పడుకోబెట్టండి, అదే పోతుంది అంటారు. చాలామందికి రెండు వారాల్లో పోతుంది కూడా. పోనివాళ్ల గురించే మా ఆందోళన. పదిహేను రోజులు దాటినా కళ్లలో పసుపు తగ్గకపోతే, మోషన్ సున్నం కలిపినట్టు తెల్లగానో బంకమట్టి రంగులోనో వస్తుంటే, మూత్రం లంగోటీ మీద పసుపు మరక వదులుతుంటే ఆ బిడ్డకు బైలియరీ అట్రీసియా ఉండొచ్చు. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసాన్ని చేర్చే నాళాలు మూసుకుపోయే జబ్బు ఇది. దారి లేని పైత్యరసం కాలేయాన్నే పాడుచేస్తుంది. చికిత్స అందకపోతే ఎక్కువమంది పిల్లలు రెండేళ్లు నిండకుండానే చనిపోతారు. ప్రపంచమంతటా పిల్లలకు కాలేయ మార్పిడి చేయాల్సి రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

చాలా దేశాల్లో 10 వేల నుంచి 20 వేల కాన్పులకు ఒకరికి ఈ జబ్బు వస్తోంది. ఏటా లక్షల కాన్పులు జరిగే మన రెండు రాష్ట్రాల్లో ఆ లెక్కన పదుల సంఖ్యలో కుటుంబాలు దీని బారిన పడుతున్నట్టే.

ఇందులో మోసం ఏమిటంటే, మొదటి నెలంతా బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది. ఆ ధైర్యంతోనే ఒకరు ఎండ అంటారు, ఒకరు పసరు మందు అంటారు, కొన్ని ఊళ్లలో పసికందుకు వాతలు కూడా పెడతారు. తీరా డాక్టరు దగ్గరికి వెళ్తే 'తల్లిపాల వల్ల వచ్చే కామెర్లే, తగ్గుతాయి' అని పంపించేసే సందర్భాలూ ఉన్నాయి. రక్తపరీక్ష రాసినా, ఒంటికి పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ మొత్తం ఎంతుందో ఒక్కటే చూసి వదిలేస్తే లాభం లేదు. అందులో డైరెక్ట్ బిలిరుబిన్, అంటే కాలేయం మార్చి పంపినా పైత్యరసంతో బయటికి పోలేక రక్తంలో మిగిలిన భాగం, ఎంత ఉందన్నదే ఇక్కడ అసలు సంగతి. ఈ లోపు కాలేయం లోపల గట్టిపడిపోతూ ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ఒంటికి పట్టక మెదడులో రక్తస్రావమై, ఫిట్స్‌తో ఆస్పత్రికి తెచ్చాక గానీ జబ్బు బయటపడని పిల్లలూ ఉన్నారు.

జపాన్‌లోని సెండాయ్‌లో డాక్టర్ మోరియో కసై 1955లో ఈ జబ్బుకు ఒక దారి కనిపెట్టారు. పనికిరాని నాళాలను తీసేసి, చిన్నపేగును నేరుగా కాలేయం అడుగుభాగానికి కుట్టేయడం. ఆయన పేరుతోనే నిలిచిపోయిన ఆ ఆపరేషన్ పుట్టిన 60 రోజుల లోపు జరిగితే ఫలితం బాగుంటుంది. మూడు నెలలు దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. ఆపరేషన్ ఫలించినా జబ్బు పూర్తిగా పోయినట్టు కాదు. చాలామందికి పెద్దయ్యేలోపు ఎప్పుడో ఒకప్పుడు కాలేయ మార్పిడి తప్పదు. కానీ పదేళ్లు ఎదిగిన పిల్లాడికి మార్పిడి చేయడం వేరు, పొట్ట ఉబ్బి, చేతులూ కాళ్లూ పుల్లల్లా అయిపోయిన ఆరు కిలోల బిడ్డకు చేయడం వేరు.

కాలేయ మార్పిడి జరిగిన ప్రతిసారీ మన పత్రికలు ఫొటోలతో సహా వార్త వేస్తాయి. వేయాల్సిందే. అయితే అంతకంటే ముందు, ఆ బిడ్డ 45వ రోజున ఎవరి కంట పడింది, ఎవరు గమనించలేదు అన్నది కూడా అడగాలని మేము అనుకుంటున్నాం.

తైవాన్ ఈ ప్రశ్నను గట్టిగానే వేసుకుంది. బిడ్డ పుట్టగానే తల్లికిచ్చే ఆరోగ్య పుస్తకంలో మోషన్ రంగుల పట్టీ ఒకటి అచ్చువేసింది. ఏది మామూలు రంగో, ఏది ప్రమాదమో బొమ్మల్లోనే తెలుస్తుంది. లంగోటీ విప్పి, పట్టీ పక్కన పెట్టి చూసుకోవడమే. తేడాగా ఉంటే ఫోన్ చేయాలి. 2002లో కొన్ని ఆస్పత్రుల్లో మొదలుపెట్టి 2004 నాటికి దేశమంతా అమలు చేశారు. పట్టీ రాకముందు సొంత కాలేయంతోనే, కామెర్లు లేకుండా ఐదేళ్లు బతికిన పిల్లలు నూటికి 27 మంది. ఆ తర్వాత 64 మంది. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. ఆపరేషన్ కూడా పాతదే. మారిందల్లా బిడ్డ సర్జన్ దగ్గరికి చేరిన రోజు. జపాన్ 2012లో, ఫ్రాన్స్ 2018లో తల్లులకిచ్చే పుస్తకాల్లో ఇలాంటి పట్టీ పెట్టాయి.

అమెరికాలోని హ్యూస్టన్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. ఈ పిల్లల్లో పుట్టిన ఒకటి రెండు రోజులకే డైరెక్ట్ బిలిరుబిన్ ఎక్కువగా ఉంటుందని గమనించి, 14 ఆస్పత్రుల్లో పుట్టిన లక్షా 24 వేలకు పైగా పిల్లలకు పరీక్ష పెట్టారు. తేడా ఉన్నవాళ్లకు రెండు వారాల్లోపు మళ్లీ చేశారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం కసై ఆపరేషన్ జరిగే వయసు సగటున 56 రోజుల నుంచి 36 రోజులకు తగ్గింది. మన దగ్గర ప్రతి ప్రసూతి వార్డులో ఇది రేపే సాధ్యం కాకపోవచ్చు. పదిహేనో రోజున ఇంకా పచ్చగా ఉన్న ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేయడం మాత్రం ఇవాళే సాధ్యం.

ఎందుకంటే అలాంటి బిడ్డను గుర్తించగల మనిషి మనకు ఇప్పటికే ఉంది. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లాలని నిబంధన. ఆరో వారంలో తల్లి బిడ్డను ఎత్తుకుని టీకాకు వస్తుంది. పెంటావాలెంట్ సూది వేసే ఏఎన్ఎం చేతిలో కార్డు ఉంటుంది, బరువు చూస్తుంది, జ్వరానికి మందిస్తుంది. మోషన్ ఏ రంగులో వస్తోందమ్మా అని అడిగి, పట్టీ చూపించి, తెల్లగా ఉందంటే అప్పటికప్పుడు పెద్దాస్పత్రికి చీటీ రాయాలి. అరవై రోజుల గడువుకు అప్పటికింకా దాదాపు మూడు వారాలు ఉంటాయి. అడగకపోతే మళ్లీ టీకా పదో వారంలో. గడువు దాటిపోతుంది.

ఇలాంటి చిన్న మార్పుతో ఏమవుతుందని అనుకునేవాళ్లు మన దేశంలోనే జరిగిన సంగతి ఒకటి గుర్తు తెచ్చుకోవాలి. ఒకప్పుడు ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్ అనే జబ్బు పసిపిల్లలను పొట్టనపెట్టుకునేది. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పోయిన కుటుంబాలుండేవి. వంశంలో ఉందని, దిష్టి అని సరిపెట్టుకునేవారు. పుణె డాక్టర్లు, బ్రిటన్ పరిశోధకులు కలిసి ఆ పిల్లల కాలేయాల్లో రాగి విపరీతంగా పేరుకుపోవడం చూశారు. ఆ పిల్లలకు ఏ గిన్నెలో పాలు కాస్తున్నారని ఇళ్లలో ఆరా తీశారు. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి నిలవ ఉంచిన పాలు! 1983లో ఈ సంగతి బయటపెట్టారు. గిన్నెలు మారాయి, తల్లిపాల మీద ప్రచారం జరిగింది. రెండు దశాబ్దాలు తిరిగేసరికి ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఇల్లిల్లూ తిరిగి అమ్మలను ప్రశ్నలడిగిన ఆ పరిశోధన కాపాడినన్ని ప్రాణాలు ఎన్ని ఆపరేషన్ థియేటర్లు కాపాడగలిగేవి?

అలాగని మార్పిడిని తక్కువ చేయడం లేదు. ఆలస్యంగా తెలిసిన పిల్లలకు, కసై ఫలించని పిల్లలకు మిగిలిన దారి అదొక్కటే. 1963లో డెన్వర్‌లో డాక్టర్ థామస్ స్టార్జల్ మనిషికి తొలిసారి కాలేయం మార్చే ప్రయత్నం చేసింది ఈ జబ్బున్న మూడేళ్ల బాబుకే. ఆ బాబు ఆపరేషన్ బల్ల మీదే చనిపోయాడు. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో తల్లి కాలేయంలో కొంత తీసి బిడ్డకు పెట్టి బతికించారు. తల్లి దగ్గర తీసేది ఎడమవైపు చిన్న భాగం, సుమారు అయిదో వంతు. ఆమె కాలేయం మళ్లీ పెరుగుతుంది. మన దేశంలో 1998లో ఢిల్లీ అపోలోలో ఇదే జబ్బున్న 20 నెలల బాబుకు తండ్రి కాలేయ భాగాన్ని అమర్చారు. ఆ బాబు పెద్దవాడై డాక్టరయ్యాడు. 2024లో హైదరాబాద్ ఉస్మానియా ప్రభుత్వాస్పత్రిలోనూ మూడేళ్ల బాబుకు తల్లి కాలేయ భాగంతో మార్పిడి చేశారు. మంచి కేంద్రాల్లో ఇప్పుడు మార్పిడి అయిన పిల్లల్లో నూటికి తొంభై మంది ఏడాది దాటి క్షేమంగా ఉంటున్నారు.

ఉస్మానియాలో చేయగలిగినది విశాఖలో, తిరుపతిలో ప్రభుత్వ రంగంలో ఎందుకు చేయలేం? ప్రైవేటులో ఖర్చు లక్షల్లో ఉంటుంది. పొలం అమ్మేవాళ్లు, సీఎం సహాయనిధి కోసం తిరిగేవాళ్లు, ఆన్‌లైన్‌లో చందాలు అడిగేవాళ్లు ఈ తల్లిదండ్రులే. పైగా ఆపరేషన్‌తో టెన్షన్ తీరిపోదు. కొత్త కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ వంటి మందు రోజూ వేళకు వేయాలి, రక్తంలో దాని మోతాదు చూపించుకుంటూ ఉండాలి. డబ్బుల్లేక మందు ఆపేస్తే అంత కష్టపడి పెట్టిన కాలేయం పోతుంది. ఆపరేషన్ బిల్లు కట్టి చేతులు దులుపుకునే పథకం పిల్లల విషయంలో సగం పథకమే.

ఇక పరిశోధన. ఈ జబ్బు ఎందుకొస్తుందో వైద్యశాస్త్రానికి ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. కసై ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్లు ఇస్తే మేలని చాలాకాలం నమ్మారు. అమెరికాలో 140 మంది పిల్లలపై జరిగిన ట్రయల్ 2014లో అలాంటి మేలేమీ తేల్చలేకపోయింది. ఆస్ట్రేలియాలో ఒక రిజర్వాయర్ నీరు తగ్గిన కరువు ఏళ్లలో, బయటపడ్డ నేల మీది కలుపు మేసిన గొర్రెలకు ఇలాంటి జబ్బుతోనే పిల్లలు పుట్టాయి. ఆ మొక్కలోని విషపదార్థాన్ని శాస్త్రవేత్తలు 2015లో వేరుచేసి చూపించారు. మనుషుల్లో కారణం అదేనని కాదు, వెతకాల్సిన దిక్కు ఒకటి దొరికింది. తల్లి లేదా తండ్రి కాలేయంతో బతుకుతున్న 20 మంది పిల్లలకు, ఆ కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే మందులు మెల్లగా మాన్పించి చూస్తే 12 మంది ఏ మందూ లేకుండా నిలదొక్కుకున్నారని 2012లో మరో అధ్యయనం చెప్పింది. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనంలో ఆ నిష్పత్తి మూడో వంతు పైచిలుకుకు తగ్గింది. ఎవరికి మాన్పించొచ్చో ముందే తెలుసుకోవడం మీద ఇప్పుడు పని నడుస్తోంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో జన్యువుల వల్ల వచ్చే కాలేయ జబ్బులూ ఉన్నాయి. వాటి మీద ఇక్కడి పిల్లల వివరాలతో ఇక్కడే పరిశోధన జరగాలి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇది. ప్రతి తల్లి చేతిలోని మాతాశిశు కార్డులో రంగుల పట్టీ ఉండాలి, టీకా రోజున దాన్ని చూపించి అడగడం ఏఎన్ఎం, ఆశాల పనిలో భాగం కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పంపిన రక్తనమూనాకు డైరెక్ట్ బిలిరుబిన్ ఫలితం రెండు రోజుల్లో రావాలి. పిల్లల జబ్బులను ముందే గుర్తించే కేంద్ర పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జబ్బుల జాబితాలో బైలియరీ అట్రీసియాను చేర్చమని కేంద్రాన్ని అడగాలి. ఏ జిల్లాలో ఏ బిడ్డకు ఎన్నో రోజున జబ్బు బయటపడింది, ఎన్నో రోజున ఆపరేషన్ అయింది అన్న లెక్క రెండు రాష్ట్రాలూ ఒకేచోట రాయించి, ఏటా బయటపెట్టాలి. మార్పిడి అయిన పిల్లల మందులు జిల్లా ఆస్పత్రి కౌంటర్‌లో ప్రతి నెలా ఉచితంగా అందాలి, వాళ్లకు 18 ఏళ్లు నిండాక కూడా.