ఎల్బీనగర్‌లో దిగాక

తెల్లవారకముందే దేవరకొండలోనో గద్వాలలోనో బస్సెక్కి పట్నం ఆసుపత్రికి బయలుదేరిన రోగి దూరానికి వెరవడు. నగరం అంచున ఎల్బీనగర్‌లోనో ఆరాంఘర్‌లోనో కాలు మోపాక మిగిలే పది, పదిహేను కిలోమీటర్లే అతని ఓపికనూ జేబునూ ఖాళీ చేస్తున్నాయి. హైదరాబాద్ రవాణా మీద చర్చ మొదలైతే ఐటీ ఉద్యోగి, విమాన ప్రయాణికుడు గుర్తుకు వచ్చినంత తొందరగా నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిపోయే రోగులు, అడ్డా కూలీలు, హైకోర్టు వాయిదాకు వచ్చే కక్షిదారులు పాలకులకు గుర్తుకు రారు. ఆ నగరంలోని మేడల్లో పాలమూరు లేబర్ చెమట ఎంత ఉందో ఎరిగిన వారికి ఈ మరుపు మరింత బాధాకరం.

మెట్రో సంగతే చూద్దాం. 2017 నవంబరులో నాగోల్–మియాపూర్ మధ్య మొదలైన రైలు మరుసటి ఏడాది సెప్టెంబరులో ఎల్బీనగర్‌ను తాకడం నల్లగొండ వారికి నిజంగా కలిసివచ్చింది. విజయవాడ రహదారి మీదుగా గానీ సాగర్ రోడ్డు మీదుగా గానీ వచ్చినవారు అక్కడ దిగితే నిమ్స్ ఆసుపత్రికి పంజాగుట్ట దాకా ఒకే రైలు. గాంధీ ఆసుపత్రికైతే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గర మారితే ఆసుపత్రి పేరుతోనే స్టేషన్ ఉంది. పాలమూరుకు ఆ భాగ్యం దక్కలేదు. 2020 ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి వచ్చిన మార్గం, అసలు ప్రణాళికలో ఫలక్‌నుమా దాకా ఉన్నప్పటికీ, ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. దాంతో మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల బస్సులు ఆరాంఘర్ నుంచి ఎంజీబీఎస్‌కు పాతబస్తీ రద్దీలో ఇప్పటికీ నత్తనడక నడుస్తున్నాయి. ఆ ఆరాంఘర్ నుంచే మెహిదీపట్నానికి 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే 2009లోనే సిద్ధమైంది. విమానాశ్రయపు కార్లకు దొరికిన ఆ తొందర మన బస్సులకు దొరకలేదు.

రైలు మార్గం కథ ఇంకా విచిత్రం. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల రెండో లైను, విద్యుదీకరణ సుమారు 1,410 కోట్ల రూపాయలతో పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమయ్యాయి. అయినా నగర ప్రజల లోకల్ రైలు ఎంఎంటీఎస్ శంషాబాద్ పక్కన ఉందానగర్ దాటి ఇటు రావడం లేదు. బెంగళూరు వెళ్లే వందేభారత్ మహబూబ్‌నగర్‌లోనూ, తిరుపతి వెళ్లే వందేభారత్ నల్లగొండలోనూ ఆగుతున్నాయి, సంతోషమే. కానీ పొద్దున డ్యూటీకి పోయి రాత్రికి ఇంటికి చేరవలసిన షాద్‌నగర్, జడ్చర్ల చిరుద్యోగికి వందేభారత్‌తో పనేమిటి? జంట లైను ఉన్నచోట లోకల్ రైలు నడపకపోవడానికి సాకులు వెతకవలసిందే. నల్లగొండకు ఆ సాకైనా మిగిలింది. గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు కేంద్ర మంత్రివర్గం 2023లో ఆమోదం తెలిపింది గనుక, అది పూర్తయ్యేదాకా ఒంటి లైను మీద క్రాసింగుల కోసం నిరీక్షణ తప్పదు.

ఇక మిగిలింది ఆర్టీసీ. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లె మహిళ జీరో టికెట్ మీద నగరం నడిబొడ్డు దాకా రాగలుగుతున్నది. ఈ పత్రిక ఆ పథకాన్ని మొదటి నుంచీ సమర్థించింది. అయితే బస్సులో ఉచితంగా వచ్చిన ఇల్లాలు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాలంటే దూరాన్ని బట్టి 11 నుంచి 69 రూపాయల దాకా చెల్లించాలి. అందుకే మెట్రో గబగబా చేరుస్తుందని తెలిసి కూడా ఆమె కిక్కిరిసిన బస్సులోనే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటుకుంటూ కూర్చుంటుంది, సీటు దొరికితే. లక్ష జనాభాకు 60 బస్సులు ఉండాలన్న కేంద్ర ప్రమాణం ప్రకారం కోటి దాటిన నగరానికి కనీసం 6 వేల బస్సులు కావాలి. హైదరాబాద్ దాని దరిదాపుల్లో లేదు.

ఈ ఖాళీని పూరిస్తున్నది ప్రైవేటు వాహనాలే. సెవెన్ సీటర్ ఆటో మీద నాలుగు మాటలు అనడం తేలిక. కానీ అది లేకపోతే శివారు కాలనీలకు నడకే గతి. యాప్‌లో పిలిచే బైక్ ట్యాక్సీ ఒంటరి కుర్రవాడికి చౌక, కట్టు కట్టిన కాలుతో వచ్చిన ముసలాయనకు పనికిరాదు. క్యాబ్ ధర వాన పడితే ఒకటి, పడకపోతే ఒకటి. మీటరు వేసే ఆటో కోసం వెతకడం మానేసి చాలా కాలమైంది. వీటన్నిటికన్నా మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నవి బైపాస్‌ల దగ్గర సీటుకింత అని మనుషులను ఎక్కించుకునే తెల్ల నంబరు ప్లేటు కార్లు. సొంత వాడకానికి రిజిస్టరైన బండి కిరాయికి తిరుగుతూ ప్రమాదానికి గురైతే, పర్మిట్ లేదన్న వాదనతో బీమా సంస్థ పరిహారం దగ్గర పేచీ పెట్టవచ్చు. ఆ సంగతి ఎక్కేవారిలో చాలామందికి తెలియదు.

మెట్రో రెండో దశ కింద 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్ల అంచనాతో రాష్ట్రం 2024లో కేంద్రానికి ప్రతిపాదనలు పంపింది. అందులో ఎల్బీనగర్–హయత్‌నగర్, ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట మార్గాలు మన రెండు జిల్లాలకు ముఖ్యమైనవి. కోత పెట్టవలసి వస్తే ముందు వీటి మీదే కత్తి పడకుండా మన ఎంపీలు, ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా పట్టుబట్టాలి. ఆ స్తంభాలు లేచేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. జిల్లా బస్సు టికెట్‌తోనే మెట్రో ఎక్కే ఏర్పాటుకు కావలసింది రెండు సంస్థల మధ్య ఒక ఒప్పందం, ఒక క్యూఆర్ కోడ్. ఉందానగర్ నుంచి షాద్‌నగర్ దాకా ఉదయం రెండు, సాయంత్రం రెండు లోకల్ రైళ్లు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆరాంఘర్‌లో దిగేవారికి నీడ, మహిళలకు మరుగుదొడ్డి నేటికీ అడిగి తెచ్చుకోవలసి రావడమే సిగ్గుచేటు.

అన్నిటికన్నా తొందరగా చేయదగినది ఇంకొకటుంది. మెట్రో మొదటి రైలు ఉదయం 6 గంటలకు గాని కదలదు, రాత్రి బయలుదేరిన మన బస్సులు అంతకు ముందే ఎల్బీనగర్ చేరుతున్నాయి. ఓపీ చీటీ కోసం పరుగెత్తే రోగులకు ఆ చీకటి వేళ ఆటోవాడు చెప్పిందే ధర. ఎల్బీనగర్ నుంచి నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకు తెల్లవారుజామున 4 నుంచి 6 గంటల మధ్య తిరిగే బస్సులకు సవివర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) అక్కరలేదు, ఢిల్లీ అనుమతీ అక్కరలేదు. హయత్‌నగర్ డిపో నుంచి నాలుగు బస్సులు కేటాయిస్తే వచ్చే నెల ఒకటో తేదీనే ప్రారంభించవచ్చు.