ఒక చుక్క ఎక్కువైంది

రోజూ రాత్రి రెండింటికి అమ్మకాల లెక్క తీసి అందరికీ మెయిల్ కొట్టే చిన్న స్క్రిప్టు. దాన్ని కుబెర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్ల గుంపులో, అంటే క్లస్టర్‌లో, క్రాన్‌జాబ్‌గా (చెప్పిన వేళకి దానంతటదే నడిచే పనిగా) పెట్టమన్నారు. శుక్రవారం సాయంత్రం పెట్టేశాను. టెస్టింగ్ సంగతి అడక్కండి.

క్రాన్‌కి అయిదు గళ్లు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. గంట గడిలో 2 వేసి, మిగతా నాలుగింట్లోనూ భక్తిగా స్టార్లు, అంటే చుక్కలు, పెట్టాను. నిమిషం దగ్గర చుక్క పెడితే ‘నిమిషంతో నాకు పనిలేదు’ అని నా ఉద్దేశం. ‘ప్రతి నిమిషమూ పనే’ అని దానికి అర్థమైంది. అక్కడ ఉండాల్సింది సున్నా.

రెండింటికి లేపమంటే, మూడయ్యేదాకా నిమిషానికోసారి తలుపు కొట్టేవాణ్ణి ఊహించుకోండి. కొట్టి పోతాడా అంటే, పోడు. లోపలికొచ్చి కూర్చుంటాడు. ఒక్కో జాబ్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది మరి. 2:20 అయ్యేసరికి ఇరవై మంది ఒకే డేటాబేస్ మీద పడి, ఒకే లెక్క, ఒకే శ్రద్ధతో చేస్తున్నారు. ముందువాడు ముగించాడో లేదో చూడమని చెప్పడానికి కాంకరెన్సీ పాలసీ అని ఒకటుంది. దాన్లో ‘ఫర్బిడ్’ అని రాస్తేనే ఆగుతారు. ఏమీ రాయకపోతే ‘అలౌ’. ఎవరడిగారండీ ఈ ఉదారత? కుబెర్నెటిస్ అంటే గ్రీకులో చుక్కాని పట్టేవాడట. చుక్కాని సంగతేమో గానీ, నాకు చుక్కలు మాత్రం చూపించాడు.

పొద్దున్న లేచి చూస్తే లిస్టులో పూర్తయిన జాబ్‌లు మూడే ఉన్నాయి. మూడేగా, ఏదో సర్దిచెప్పొచ్చు అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది చివరి మూడింటినే దాచి పాతవి చెరిపేస్తుందని. ఇన్‌బాక్స్ మాత్రం ఏమీ చెరపలేదు. అరవై మెయిళ్లు. వాటికి మా డైరెక్టర్‌గారు ‘ఇదేమిటి?’ అని అందరికీ రిప్లై. దానికి ఇంకో పదిమంది ‘నాక్కూడా వచ్చింది’ అని అందరికీ రిప్లై.

ఇంతకీ దీన్ని రివ్యూ చేసిన సీనియర్ ఉన్నారు. కామెంట్‌లో ఒక స్పెల్లింగ్ తప్పు పట్టుకుని, అది దిద్దాక బొటనవేలు ఎత్తి ఓకే చేసిన మహానుభావుడు. ఆ పైన ఉన్న చుక్క ఆయన కంటికి ఆనలేదు.

నిమిషం గడిలో సున్నా వేసి, ఫర్బిడ్ రాసి మళ్లీ ఆయనకే పంపాను. అయిదు నిమిషాల్లో కామెంట్ వచ్చింది: “ఈ సున్నా అవసరమా?”