పెద్ద భాగహారాల్లో ముందు చూడాల్సింది ఘాతాంకమే

సూర్యుడి దగ్గర బయలుదేరిన వెలుగు భూమిని చేరడానికి ఎంతసేపు పడుతుంది? దూరం సుమారు 15,00,00,000 కిలోమీటర్లు, కాంతి వేగం సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు. ఈ రెండింటినీ ఇలాగే రాసి భాగించమంటే ఎవరికైనా టెన్షనే. ఎక్కడో ఒక సున్నా జారిపోతుంది. అదే లెక్కను (1.5×10⁸) ÷ (3×10⁵) అని రాస్తే, 1.5ను 3తో భాగిస్తే 0.5, ఘాతాంకాల్లో, అంటే 10 పైన చిన్నగా రాసిన అంకెల్లో, 8 లోంచి 5 తీసేస్తే 3. అంటే 0.5×10³, 500 సెకన్లు. ఎనిమిది నిమిషాల పైచిలుకు.

బడిలో దీన్ని ప్రామాణిక రూపం పేరుతో నేర్పుతారు. గ్రహాలు, పరమాణువుల లెక్కలు అవగానే పక్కన పెట్టేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్‌లో 4 మెగాబైట్ల ఫొటోలు ఎన్ని పడతాయో చూడాలన్నా ఇదే దారి. టెరాబైట్ అంటే 10¹² బైట్లు, మెగాబైట్ అంటే 10⁶ బైట్లు. 10¹² ÷ (4×10⁶) అంటే 0.25×10⁶, రెండున్నర లక్షలు. కాగితం కూడా అక్కర్లేదు.

చాలామంది తడబడేది రుణ ఘాతాంకం దగ్గర. నీటి చుక్క ఒక్కోటి 0.05 మిల్లీలీటరు అనుకుందాం. లీటర్లలో 5×10⁻⁵. లీటరు నీటిలో ఎన్ని చుక్కలు? 1 లీటరును 1×10⁰ అని రాసుకోవచ్చు. 1ని 5తో భాగిస్తే 0.2. 10⁰ను 10⁻⁵తో భాగిస్తే, సున్నాలోంచి మైనస్ 5 తీసేయాలి కాబట్టి 10⁵. మొత్తం 20,000 చుక్కలు. ముక్క ఎంత చిన్నదైతే ముక్కలు అన్ని ఎక్కువ వస్తాయి కదా, రుణ గుర్తు ధనంగా మారడంలో ఉన్నది ఆ సంగతే. ఈ మాట చెప్పకుండా సూత్రం మాత్రమే బట్టీ పట్టిస్తే పిల్లలకు అది ఎప్పటికీ అంటదు.

84ను 7తో భాగించడానికి ఇదంతా అనవసరం. కానీ అంకెలు పొడుగైనప్పుడు ముందు ఘాతాంకాలే తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ముందున్న అంకెను ఉజ్జాయింపుగా తీసుకుంటే జవాబు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఘాతాంకంలో ఒక్కటి తప్పినా జవాబు పది రెట్లు తేడా వస్తుంది.

క్యాలిక్యులేటర్ ఉంది కదా అనుకుంటే అక్కడా జాగ్రత్త కావాలి. 6×10¹¹ ÷ 3×10⁸ అని బ్రాకెట్లు లేకుండా వరసగా నొక్కితే, అది 3తో భాగించి, ఆ వచ్చినదాన్ని 10⁸తో గుణించేస్తుంది. తెర మీద 2×10¹⁹ కనిపిస్తుంది. అసలు జవాబు 2,000. పదకొండులోంచి ఎనిమిది పోతే మూడు అని ముందే అనుకున్నవాళ్లు ఆ 19ని చూడగానే ఆగి, బ్రాకెట్లు పెట్టి మళ్లీ నొక్కుతారు.