సవరణ: నులిపురుగుల మాత్ర మోతాదు గురించి

బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర గురించి ఇంతకుముందు రాసినప్పుడు, ఐదేళ్లలోపు పిల్లలకు సగం మాత్రే వేయాలని, ఆ రోజు బడికి రాని పిల్లలు మరో ఆరు నెలలు ఆగాలని పేర్కొన్నాను. ఆ రెండు మాటలూ తప్పు. చదివిన తల్లిదండ్రులు మన్నించాలి.

2015లో మొదలైన ఈ జాతీయ కార్యక్రమం ప్రకారం, ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు మాత్రమే ఆల్బెండజోల్ అనే ఈ నులిపురుగుల మందు సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు. రెండేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వరకు పూర్తి మాత్ర, 400 మిల్లీగ్రాములు ఇవ్వాలి. నాలుగేళ్ల బిడ్డకు సగమే వేస్తే మందు చాలదు కనుక ఈ తప్పును చిన్నదిగా చూడలేను. పసివాళ్లకు మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి నీళ్లలో కలిపి పట్టాలి. పెద్ద పిల్లలు టీచరు ఎదుటే నమిలి మింగాలి, జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోకూడదు.

ఆ రోజు రాలేకపోయిన పిల్లలకు, జ్వరంతోనో వేరే జబ్బుతోనో ఉండి మాత్ర వేసుకోని పిల్లలకు కోలుకున్నాక, సాధారణంగా వారం రోజులకు జరిపే మలివిడతలో మాత్ర ఇస్తారు. పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కాసేపు కడుపునొప్పి, వికారం రావచ్చు. నీడన పడుకోబెట్టి మంచినీళ్లు తాగిస్తే చాలావరకు అదే తగ్గుతుంది, తగ్గకపోతే ఆరోగ్య సిబ్బందికి తెలపాలి.