సోమలింగానికి నాలుగు లెవెళ్లు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. డేటాబేస్ పండితులు దీనికే డర్టీ రీడ్ అని నామకరణం చేశారు. ఒక ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా లెక్కపెట్టే మార్పుల మూట) కమిట్ కాకముందే, అంటే ఖాయం కాకముందే, అది రాసిన అంకె చూసి, రెండోది బారసాల పిలుపులు మొదలుపెడుతుంది. మొదటిది రోల్‌బ్యాక్ అయి, రాసిందంతా వెనక్కి తీసుకుందా, సోమలింగం మాయం. వంటవాళ్ల అడ్వాన్స్ మాత్రం పోయినట్టే.

ఇలాంటి అనర్థాలకు డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌కి 1992లో రాసిన ప్రమాణం నాలుగు ఐసొలేషన్ లెవెళ్లు విధించింది, అంటే ఒక ట్రాన్సాక్షన్ పని ఇంకోదానికి ఎంతవరకు కనిపించొచ్చన్న హద్దులు. రీడ్ అన్‌కమిటెడ్‌లో పుట్టని సోమలింగమూ కనిపిస్తాడు. రీడ్ కమిటెడ్‌లో పుట్టాకే కనిపిస్తాడు గానీ, రెండోసారి చూసేసరికి పేరు మారి ఉండొచ్చు. రిపీటబుల్ రీడ్‌లో పేరు మారదు, పక్కన చెప్పాపెట్టకుండా ఓ తమ్ముడు తేలొచ్చు. వాడే ఫాంటమ్. సీరియలైజబుల్‌లో అన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరిగినట్టే లెక్క తేలాలి. ఏదీ అడగకపోతే ఇదే ఇవ్వాలని కూడా రాశారు. పాపం, ఎంత మంచివాళ్లో!

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లు అడక్కుండా ఇచ్చేది రీడ్ కమిటెడ్. పోస్ట్‌గ్రెస్‌ని రీడ్ అన్‌కమిటెడ్ అడిగినా తలూపి రీడ్ కమిటెడే పెడుతుంది, కాఫీ అడిగితే హార్లిక్స్ కలిపిచ్చే అత్తయ్యలా. ఇది నయమే. ఒరాకిల్ సీరియలైజబుల్ అని బోర్డు కట్టి, లోపల స్నాప్‌షాట్ ఐసొలేషన్ వడ్డిస్తుంది, అంటే ప్రతి ట్రాన్సాక్షనూ తను మొదలైనప్పటి ఫోటో చూసుకుంటూ పనిచేస్తుంది.

ఏమిటి తేడా అంటారా? అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలన్నది ఇంటి నియమం. అన్న చూశాడు: తమ్ముడున్నాడు, నేను వెళ్లొచ్చు. అదే క్షణంలో తమ్ముడూ చూశాడు: అన్నయ్య ఉన్నాడుగా. డేటాబేస్ పట్టికలో ఎవరి వరస (రో) వాళ్లే మార్చుకున్నారు కాబట్టి గొడవే లేదు, ఇద్దరూ కమిట్. అమ్మ ఒంటరి. ఎవరూ అబద్ధమాడలేదు, డేటాబేస్ కూడా. దీని పేరు రైట్ స్క్యూ.

2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ సీరియలైజబుల్ దీన్ని పట్టుకుంటుంది. ఇద్దరిలో ఒకరికి 40001 ఎర్రర్ ఇచ్చి, మళ్లీ మొదట్నుంచి రమ్మంటుంది. అంటే రీట్రై కోడ్ మనం రాసుకోవాలి.

మా ఆఫీసు మీటింగ్‌లో ఈ సంగతి కదిపాను. మేనేజర్ గారు దీర్ఘంగా ఆలోచించి, "ఎర్రర్ వస్తే కస్టమర్ ఇవాళే చూస్తాడు. లెక్క తప్పితే ఆడిటర్ చూస్తాడు. ఆయనొచ్చేది మార్చిలో కదండీ" అన్నారు.