సవరణ: ఆడపిల్లల పేర్లలో రుద్రమ, తిమ్మక్క

చరిత్రలోని స్త్రీల పేర్లు ఆడపిల్లలకు పెట్టుకోవడం గురించి రాసిన పోస్టులో రెండు వివరాలు మార్చాలి.

మొదటిది, రుద్రమదేవి కాకతీయ గణపతిదేవుడి భార్య అని ఉంది. ఆమె ఆయన కూతురు. మార్కో పోలో ఆమెను రాజుగారి వితంతువుగా రాయడంతో ఈ పొరపాటు ఇప్పటికీ తిరుగుతోంది. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడు. చాలా శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని మగపేరుగా కనిపిస్తుంది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే బంటు, చనిపోయిన ఆమెకు పుణ్యం కలగాలని సోమనాథుడికి భూమి రాసిచ్చిన సంగతి అందులో చెక్కారు. ఆ రాయి వల్లే ఆమె మరణం ఎప్పుడో మనకు తెలిసింది. పాపకు ఈ పేరు పెట్టుకునేవాళ్లకు ఈ కథ తెలియాలని నా కోరిక. దేవి చేర్చకుండా ఉత్త రుద్రమ అని పిలిచినా ఎంతో హుందాగా ఉంటుంది.

రెండోది, తొలి తెలుగు కవయిత్రి మొల్ల అని ఉంది. అన్నమయ్య భార్య తాళ్లపాక తిమ్మక్కకే ఆ స్థానం ఇస్తారు. ఆమె సుభద్రా కల్యాణాన్ని ద్విపదలో, అంటే రెండేసి పాదాల పద్యాల్లో, రాసింది. రామాయణం రాసిన మొల్ల పేరు మాత్రం జాబితాలోనే ఉంటుంది, తీసేయక్కర్లేదు.

తిమ్మక్క పాతకాలం పేరని చాలామంది మొహమాటపడతారు. నాకైతే ముద్దుగా ఉంది. రికార్డుల్లో వేరే పేరు రాయించినా, ఇంట్లో నిస్సంకోచంగా ఇలాగే పిలుచుకోవచ్చు.