మ్యాచ్ రోజు మాత్రమే కనపడే జెండా గారికి

మహారాజశ్రీ జెండా గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరు కూడా ఏదో ఒక కారు కిటికీకి తగులుకుని క్షేమంగానే ఎగురుతున్నారని తలుస్తాను.

ముందే ఒక మాట చెప్పేస్తా, ఈ ఉత్తరం ప్రభుత్వ ఆఫీసుల మీద పొద్దున ఎగరేసి సాయంత్రం దించి జాగ్రత్తగా మడతపెట్టే పెద్ద జెండా గారికి కాదు. ఆయన వేరు, ఆయనకి రూల్స్ ఉన్నాయి, నేల తగలకూడదు, చిరగకూడదు, తలకిందులు కాకూడదు. ఇది మీకు. పాలిస్టర్ గుడ్డ, ప్లాస్టిక్ పుల్ల, బుగ్గ మీద పెయింటుగా, భుజాల మీద కండువాగా, బీరు ఒలికితే తుడిచే గుడ్డగా, ఒక్కోసారి పెంపుడు కుక్క మెడలో పట్టీగా కూడా దర్శనమిచ్చే ఫుట్‌బాల్ మ్యాచ్ జెండా గారికి.

మీ పుట్టుక గురించి కాస్త తెలుసులెండి. మీలో చాలామందిది చైనాలో యివూ అనే ఊరు, వరల్డ్ కప్ వస్తోందంటే చాలు అక్కడ మిషన్లు ఆగవు. బ్రెజిల్ జెండా, అర్జెంటీనా జెండా, ఇంగ్లండ్ జెండా, జర్మనీ జెండా, అందరూ పక్కపక్క మిషన్ల మీద అన్నదమ్ముల్లా పుట్టి ఒకే కంటైనర్లో ప్రయాణం చేసి, దిగాక ఎదురెదురు స్టాండ్లలో ఏడు జన్మల పగ ఉన్నట్టు ఊగుతారు. ఇంతమంది దేశభక్తికి బట్ట కుట్టిన చైనా మగాళ్ళ టీము వరల్డ్ కప్‌కి వెళ్ళింది 2002లో ఒకే ఒక్కసారి, ఆడింది 3 మ్యాచ్‌లు, తిన్నది 9 గోల్స్, కొట్టింది సున్నా. పాపం వాళ్ళ జెండాకి తప్ప అందరికీ ఓవర్‌టైమే.

పోనీ మిమ్మల్ని మోసేవాళ్ళకైనా మీరెవరో తెలుసా అంటే అదీ డౌటే. 1966 ఫైనల్ వీడియో చూడండి, వెంబ్లీలో ఇంగ్లండ్ గెలుస్తుంటే జనం చేతుల్లో ఎక్కడ చూసినా యూనియన్ జాక్, అంటే బ్రిటన్ మొత్తానికి ఉమ్మడి జెండా. ఆ టోర్నీకి బొమ్మగా పెట్టుకున్న సింహం చొక్కా మీదా అదే. పక్కన స్కాట్లాండ్ వాళ్ళకి వేరే టీము, వేల్స్‌కి వేరే టీము ఉన్నాయని, ఈ జెండా వాళ్ళది కూడా అని ఎవరికీ తట్టలేదు. మళ్ళీ 1996 యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, వచ్చేసరికి తెల్లగుడ్డ మీద ఎర్ర సిలువ, సెయింట్ జార్జ్ జెండా, ఊళ్ళకి ఊళ్ళు కప్పేసింది. ముప్ఫై ఏళ్ళు పట్టింది సార్ మీరు ఎవరి జెండానో తేలడానికి. ఆ సెయింట్ జార్జ్ గారైనా లోకల్ ఏమో అనుకుంటే, కథల ప్రకారం ఆయన ఇప్పటి టర్కీ ప్రాంతపు మూలాలున్న రోమన్ సైనికుడు, ఇంగ్లండ్‌లో అడుగు పెట్టిన దాఖలా లేదు. బయటనుంచి వచ్చినవాళ్ళు మాకొద్దు అని అరిచేవాడు కూడా ఆయన సిలువనే మొహానికి పూసుకుని అరుస్తాడు, అది వేరే సంగతి.

మీ భక్తుల వ్యాకరణం కూడా బాగుంటుంది. గెలిస్తే "మనం గెలిచాం", ఓడితే "వాళ్ళు ఆడలేదు". సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు మన పెద్దలు. మైదానంలో పరిగెత్తి మోకాలి చిప్ప పోగొట్టుకున్నవాడు ఒకడు, సోఫాలో చిప్స్ ప్యాకెట్టు పట్టుకుని "దేశం పరువు తీశాడు" అని తీర్పు చెప్పేవాడు ఇంకొకడు, మీరేమో ఎప్పుడూ సోఫా పక్షమే.

సరే అసలు విషయానికొస్తా. మీ నీడలో చోటు ఎవరికి, ఎంతసేపు, అద్దె ఎంత? మీ టీము కోసం ఆడే వాళ్ళలోనే కొందరికి ఈ మూడూ మీరు ఎప్పుడూ చెప్పరు, ఖాళీ చేయించేటప్పుడు మాత్రం క్షణాల్లో చేయిస్తారు.

2006 గుర్తుందా, జర్మనీలో వరల్డ్ కప్. పాత పాపాల వల్ల తమ జెండా బయట పెట్టాలంటేనే మొహమాటపడే జనం ఆ వేసవిలో ఒక్కసారిగా నలుపు ఎరుపు పసుపు గుడ్డలు కార్లకి, బాల్కనీలకి కట్టేసుకున్నారు, కప్పు రాకపోయినా మూడో స్థానానికే పండగ చేసుకున్నారు, నిజం చెప్పాలంటే చూడ్డానికి నాకూ ముచ్చటేసింది. ఎనిమిదేళ్ళకి 2014లో కప్పు కూడా వచ్చింది, ఆ టీములో మెసుత్ ఓజిల్, గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టిన కుర్రాడు, టర్కీ మూలాలు. అప్పుడు అతనే కొత్త జర్మనీకి పోస్టరు. 2018లో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగన్‌తో ఫోటో దిగాడు, ఆ ఫోటో నాకూ నచ్చలేదు, ఎన్నికల ముందు అలాంటి ఫోటోలు దిగకూడదు, తిట్టాల్సిందే. కానీ ఆ వెంటనే వరల్డ్ కప్‌లో జర్మనీ దక్షిణ కొరియా చేతిలో ఓడి గ్రూపు దశలోనే ఇంటికొచ్చింది, అక్కడినుంచి ఫోటో గొడవ కాస్తా పుట్టుక గొడవ అయిపోయింది. 92 మ్యాచ్‌లు ఆడినవాడు జూలైలో రాజీనామా ఉత్తరం రాశాడు, ఫెడరేషన్ ప్రెసిడెంటు దృష్టిలో గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడితే వలసొచ్చినవాణ్ణి అని. మాజీ కెప్టెన్ మత్తేయస్ పుతిన్‌తో ఫోటో దిగితే ఎవరూ సంజాయిషీ అడగలేదే అని కూడా అడిగాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇక్కడ ఇంకా ఘోరం, ఏరు దాటించాక కూడా నాలుగేళ్ళు ఆగి, ఇంకో ఏరు దాటించలేదని బోడి మల్లయ్యని చేశారు.

అదే ఏడాది బెల్జియం ఆటగాడు లుకాకు కూడా ఇదే మాట రాశాడు. బాగా ఆడితే పేపర్లో బెల్జియం స్ట్రైకర్, ఆడకపోతే కాంగో మూలాలున్న బెల్జియం స్ట్రైకర్. పుట్టింది ఆంట్వర్ప్‌లో, ఆ దేశం తరపున ఇతనికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు చరిత్రలో లేడు, అయినా బంతి పక్కకి పోయిన రోజు మాత్రం ఆ మూలాలు గుర్తొస్తాయి. ఆఫ్‌సైడ్ చూడ్డానికి వీఏఆర్ అని వీడియో రిఫరీ కెమెరాలు పెట్టుకున్నారు గానీ తాతగారి ఊరు చూడ్డానికి మీవాళ్ళకి ఏ కెమెరా అక్కర్లేదు.

ఇంక 2021 జూలై 11, వెంబ్లీ, ఇంగ్లండ్ ఇటలీ యూరో ఫైనల్. మ్యాచ్ మొదలవక ముందే మిమ్మల్ని భుజాన కప్పుకున్న భక్తులు టిక్కెట్టు లేకుండా గేట్లు తోసుకుని లోపలికి పడ్డారు, వికలాంగుల దారిని కూడా వదల్లేదు. పెనాల్టీల్లో రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా ముగ్గురూ మిస్సయ్యారు. ముగ్గురూ ఇంగ్లండ్‌లోనే పుట్టారు, సాకాకి అప్పటికి 19 ఏళ్ళు. ఆ రాత్రి వాళ్ళ ఫోన్లలో కోతి బొమ్మలు, రంగు పేరుతో బూతులు, మీ దేశం పొండి అనే ఆర్డర్లు. ఆ రాష్‌ఫోర్డే అంతకు ముందు ఏడాది కరోనా టైములో, పేద పిల్లలకి సెలవుల్లో కూడా భోజనం పెట్టాలని పోరాడి ప్రభుత్వం చేత నిర్ణయం మార్పించాడు, కానీ ఆకలితో ఉన్న పిల్లలు స్కోర్‌బోర్డు మీద కనపడరు కదా, లెక్కలోకి రాలేదు.

ఇంకో తమాషా చూడండి. ఆ రోజు ఇంగ్లండ్ కోచ్ సౌత్‌గేట్, పాత వెంబ్లీలో 1996 యూరో సెమీస్‌లో జర్మనీ మీద పెనాల్టీ మిస్ చేసింది సాక్షాత్తూ ఆయనే. ఆయన్నీ తిట్టారు, ఏళ్ళ తరబడి ఏడిపించారు, తలకి పేపరు సంచి తగిలించుకుని పిజ్జా యాడ్ కూడా చేశాడాయన. కానీ ఎవడూ ఆయన్ని "నీ తాత ఏ ఊరు" అనలేదు, "నువ్వు అసలు మనోడివేనా" అనలేదు. అంతకు ముందు 1990 వరల్డ్ కప్‌లో పియర్స్, వాడిల్ మిస్ చేస్తే వాళ్ళనీ అడగలేదు. అదే జెండా, అదే పెనాల్టీ, అదే తప్పు, ఒకడికి జీవితాంతం జోకు, ఇంకొకడికి పౌరసత్వం మీద ఎంక్వైరీ. ఈ రేటు కార్డు ఎవరు రాశారో మీకు తెలిసే ఉంటుంది, ఎందుకంటే రాసేటప్పుడు టేబుల్ మీద పరిచిన గుడ్డ మీరే.

ఈ చోటు సమస్యకి సమాధానం కనిపెట్టింది నాకు తెలిసి ఒక్క అమ్మే. 2016 యూరోలో స్విట్జర్లాండ్, అల్బేనియా ఆడాయి, గ్రానిట్ జాకా ఇటు, సొంత అన్న తౌలంత్ జాకా అటు. వాళ్ళమ్మ సగం ఒక జెండా, సగం ఇంకో జెండా కుట్టిన టీషర్టు వేసుకుని స్టాండ్‌లో కూర్చుంది. ఎవరు గోల్ వేసినా ఆవిడకి ఏడుపూ నవ్వూ సమానమే. రెండేళ్ళకి 2018లో అదే గ్రానిట్, అతనిలాగే అల్బేనియన్ మూలాలున్న స్విస్ ఆటగాడు షాకిరి కలిసి సెర్బియా మీద గోల్స్ వేసి, వేళ్ళు రెక్కల్లా విప్పి అల్బేనియా జెండాలోని రెండు తలల గద్దని చేసి చూపించారు, ఫీఫా చెరో 10,000 ఫ్రాంకులు ఫైన్ వేసింది. గుడ్డ అక్కర్లేకుండా చేతుల్తోనే మీరు తయారైపోతారన్నమాట, అదీ గెలిపించింది వేరే దేశాన్ని.

గద్ద అంటే గుర్తొచ్చింది, మీకు ఎగరడం అంటే ఎంత ఇష్టమో 2014 అక్టోబర్ 14న బెల్‌గ్రేడ్‌లో చూశాం. సెర్బియా, అల్బేనియా మ్యాచ్, గొడవలవుతాయని అల్బేనియా అభిమానులని రానివ్వలేదు, మీరు డ్రోన్‌కి వేలాడి వచ్చారు! సెర్బియా ఆటగాడు మిత్రోవిచ్ అందుకుని లాగాడు, అల్బేనియా వాళ్ళు మీద పడ్డారు, జనం గ్రౌండ్‌లోకి దూకారు, కుర్చీ కూడా గాల్లోకి లేచింది, మ్యాచ్ రద్దు. చివరికి క్రీడల కోర్టు దాకా వెళ్ళి అల్బేనియాకి 3-0 ఇచ్చారు. ఆ సాయంత్రం ఇరవై రెండు మందిలో ఒక్కడు కూడా గోల్ కొట్టలేదు, మూడూ మీ ఖాతాలోవే.

మీ మీద నాకున్న పెద్ద కోపం మాత్రం ఇవేవీ కాదు, పెద్దవాళ్ళు పిలిస్తే మీరు వెంటనే వెళ్ళిపోవడం. 1978లో అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం కప్పు పెట్టింది. ఫైనల్ జరిగిన మోనుమెంటల్ స్టేడియానికి కూతవేటు దూరంలో నేవీ స్కూలు, అందులో మనుషుల్ని ఎత్తుకొచ్చి హింసించేవాళ్ళు. గోల్ పడ్డప్పుడల్లా స్టేడియం అరుపు ఆ గదుల్లోకి వినపడేది. బయట మీరు నీలం తెలుపు రెపరెపలాడుతూ ఎంత అందంగా ఉన్నారో. బ్రెజిల్ పసుపు చొక్కా సంగతీ అంతే. 1950లో ఉరుగ్వే చేతిలో కప్పు పోయాక తెల్ల చొక్కా కలిసిరాలేదని, 1953లో పేపర్లో పోటీ పెట్టి జెండాలోని నాలుగు రంగులూ ఉండాలన్నారు, గెలిచిన కుర్రాడిది సరిహద్దు ఊరు, అతని అభిమాన టీము ఉరుగ్వే! అలా శత్రువు అభిమాని గీసిన చొక్కాని 2023 జనవరి 8న ఎన్నికల్లో ఓడిన మాజీ అధ్యక్షుడు బొల్సొనారో మనుషులు తొడుక్కుని దేశభక్తులం మేమే అంటూ సొంత పార్లమెంటు అద్దాలు పగలగొట్టారు. చొక్కా కొనుక్కున్న మామూలు అభిమాని మాత్రం వేసుకుంటే ఏ పార్టీ అనుకుంటారో అని బీరువాలో పెట్టుకున్నాడు.

అప్పుడప్పుడూ మీకు బుద్ధి వస్తుందని ఆశ కలిగేది బంగ్లాదేశ్‌ని చూసినప్పుడే. వాళ్ళ టీము ఎప్పుడూ వరల్డ్ కప్‌కి వెళ్ళలేదు, అయినా కప్పు వస్తే మేడలన్నీ అర్జెంటీనా, బ్రెజిల్ జెండాలే. చూడని దేశం, రాని భాష, వీసా లేదు, తాతల పేరు లేదు. పిచ్చే, ఒప్పుకుంటా, కొట్టుకోవడాలూ ఉన్నాయి. కానీ అక్కడ మిమ్మల్ని కట్టినవాణ్ణి ఎవడూ నువ్వు ఒరిజినల్ అర్జెంటీనావాడివేనా అని అడగడు. 1978లో మూసేసిన ఢాకా ఎంబసీని అర్జెంటీనా 2023లో మళ్ళీ తెరిచింది, అందులో ఆ మేడల మీది జెండాల పుణ్యం చాలా ఉంది. దౌత్యవేత్తలు చెయ్యలేని పని అప్పు తెచ్చుకున్న గుడ్డ చేసింది.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. తప్పులున్న మన్నించగలరు, లేకపోతే మీ పద్ధతిలోనే నా తాతగారి ఊరు కనుక్కోగలరు.

ఇట్లు,
పెనాల్టీ షూటౌట్ అంటే కళ్ళు మూసుకునే
ఒక మామూలు అభిమాని

తా.క. 2012 యూరో సెమీస్‌లో ఇటలీ చేతిలో ఓడాక జర్మనీలో కొందరు పెద్దమనుషులు, ఓజిల్ ఖెదీరా బోటెంగ్ లాంటివాళ్ళు జాతీయగీతం పాడట్లేదు, పెదాలు కదల్లేదు, అందుకే ఈ గతి అని పంచాయితీ పెట్టారు. ఆ టోర్నీ ఎవరు గెలిచారో చెప్తా, స్పెయిన్, ఫైనల్లో 4-0. వాళ్ళ గీతానికి అసలు మాటలే లేవు.